మా తాతయ్య తెచ్చుకోని నీళ్లబుడ్డి

నా చిన్నప్పుడు, తొలకరికి ముందు విత్తనం వేరుశనక్కాయలు ఒలిచే రోజులంటే నాకు మహా ఇష్టం. పెనుకొండ కొండ కింద మా ఊళ్లో ఆ పని ఒంటరిగా ఎవరూ చేసుకునేవారు కారు. ఇవాళ మా పంచలో కూర్చుంటే రేపు పక్కింటి పంచలో. ఒలిచేవాళ్లు గింజలు నోట్లో వేసుకోకుండా మా అవ్వ ఒక ఉపాయం కనిపెట్టింది. మా తాతయ్యను నడుమ కూర్చోబెట్టి కథ చెప్పించేది. కథలో మునిగినవాళ్లు నమలడం మరిచిపోయేవారు.

తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా పోయి వచ్చిన సిపాయి. ఆయన కథల్లో ఒకటి మాత్రం ఏడాదికి ఒక్కసారే బయటికి వచ్చేది, అదీ అగళి ఊరి నుంచి మేం అగళి అవ్వ అని పిలిచే ఆమె వచ్చిన రోజున. ఆమె అన్నా, మా తాతయ్యా ఒకేరోజు ధర్మవరం స్టేషన్లో రైలెక్కి పట్టాళానికి పోయారు. అన్న తిరిగి రాలేదు. ఆయనది గుడ్డపేలిక కూడా ఇంటికి చేరలేదు. ఆమెకు మిగిలింది మా తాతయ్య చెప్పే ఆ కథ ఒక్కటే. దానికోసం ప్రతి ఏడూ రెండు బస్సులు మారి వచ్చి, మాతోపాటు కాయలు ఒలిచేది.

కథ ఇదీ. పట్టాళం అడవి దారిలో వెనక్కి నడుస్తుండగా ఆమె అన్నకు తొడలో గుండు దిగింది. తాతయ్య ఆయన్ను రెండు రోజులు భుజాన మోశాడు. మూడోనాడు ఒక ఏటి ఒడ్డున ఆయన తాతయ్య ఒళ్లో తల పెట్టుకుని, రెండు గుక్కల నీళ్లు తాగి, చెల్లెలిని తలుచుకుని కన్నుమూశాడు. నీళ్లబుడ్డి ఏట్లో కొట్టుకుపోయింది. అందుకే తాతయ్య పట్టాళం పెట్టెలో కంబళి, బెల్టు, తిండిగిన్నె ఉన్నాయి గానీ నడుముకు కట్టుకునే రేకు బుడ్డి లేదు.

నా బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నాయన చింతపండు అమ్మడానికి హిందూపురం పోయినప్పుడల్లా నేనూ వెంట పోయి, ఆయన పని ముగిసేదాకా గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. నా చదువంతా అక్కడిదే. నాకు పన్నెండేళ్లప్పుడు ఆ యుద్ధం మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. మూడుసార్లు పోయి ముగించాను. అప్పటినుంచి అందులోని ఒక సంగతి నా నోట్లో నిలవలేకపోయింది.

ఆరోజు పడమట మబ్బు కమ్మింది. వాన పడేలోగా మూట ఒలవడం ముగియాలని అవ్వ తొందరపెడుతోంది. కథ ఏటి ఒడ్డుకు చేరింది. ఇక నేను ఉండబట్టలేకపోయాను.

“తాతా, పుస్తకంలో అట్లా లేదు. నడవల్యాకపోయినోళ్లను యాడోళ్లను ఆడనే ఇడిసిపెట్టి రమ్మని ఆర్డరు ఇచ్చినారంట.”

కాయలు పగిలే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

“నోరు మూస్కోమే!” అని అవ్వ గద్దించింది. “నాలుగు పుస్తకాలు తిరగేసేసరికి తాతకే పాఠం చెప్తాండావా?”

నేను గర్వంగా తాతయ్య వైపే చూస్తున్నాను. ఆయన ముఖం పాలిపోయాక గానీ అగళి అవ్వ నాకు గుర్తు రాలేదు. ఆమె వేళ్ల మధ్య పగలని కాయ ఒకటి అలాగే ఉంది. పుస్తకం రాసినవాడు అక్కడికి వచ్చినాడా అని తాతయ్య ఒక్క మాట అంటే చాలు, అందరూ నవ్వేసేవారు. ఆ మాట అనమని లోలోపల మొక్కుకున్నాను.

ఆయన అనలేదు. ఒళ్లోని గింజలు చేటలోకి దులిపాడు.

“పాప చదివింది నిజమే. రెండు దినాలు మోసినా. మూడోనాడు ఆర్డరు వచ్చింది. మాను కింద కూర్చోబెట్టి వచ్చేసినా. అప్పటికి వానికి ఇంకా పాణముండింది చెల్లీ.”

ఉరుము ఉరిమింది.

“నాకు తెలుసన్నా,” అంది అగళి అవ్వ. “మీతోపాటు వచ్చిన ఇంగో సిపాయి, నీకన్నా ముందే మా ఇంటికొచ్చి చెప్పి పోయినాడు.”

“మరి ఇన్నేండ్లు ఎందుకు వస్తాండావమ్మా?”

“నేను రాకుంటే ఆ కత నువ్వెవరికి చెప్పుకుంటావు?”

తాతయ్య తల వంచుకున్నాడు. ఆమే మళ్లీ అడిగింది.

“అయితే బుడ్డి ఏట్లో పోల్యా?”

“నాది వాని పక్కన పెట్టినా.”

“నీళ్లుండెనా?”

“నిండుగా ఉండె.”

“మరి నీకు?”

తాతయ్య చేటలోని గింజలు సర్దాడు. ఆమె చేతిలోని కాయ పట్‌మని పగిలింది. “ఇది మాత్రం ఆ సిపాయి చెప్పల్యా,” అని కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత మా అందరి మీదా విసుక్కుంది. “వాన వస్తాండాది, చూస్తా కూర్చుంటే ఎట్లా? ఒల్చండి!”

ఆమెను బస్సెక్కించి వచ్చాక తాతయ్య నన్ను పిలిచాడు. దెబ్బలు తప్పవనుకున్నాను. “ఆ పుస్తకంలో ఆ ఏటి పేరు ఉండాదేమో చూసి రా పాపా. నాకు జ్ఞాపకం రావడంల్యా,” అన్నాడు. అంతే. వెతికాను గానీ ఆ పేరు నాకు దొరకలేదు.

మరుసటి ఏడు ఆమె మళ్లీ వచ్చింది. పాత కథే చెప్పమంది. ఒళ్లో తల, రెండు గుక్కల నీళ్లు, చెల్లెలి తలపు, అన్నీ ఉన్నాయి. చివర ఒక్కటే మారింది. బుడ్డి ఏట్లో కొట్టుకుపోలేదు, ఆయన పక్కనే నిండుగా ఉండిపోయింది. నేను తల ఎత్తకుండా కాయలు ఒలిచాను.

హిందూపురం గ్రంథాలయానికి నేను ఇప్పటికీ పోతుంటాను. అక్కడ చదివినదాన్ని నలుగురికీ చెప్పడమన్నా ఇప్పటికీ సరదాయే. కానీ ఎవరైనా పాత సంగతి చెబుతుండగా తప్పు దొరికితే, నా చూపు ముందు వినేవాళ్ల చేతుల మీదికి పోతుంది. అక్కడ ఒక్క చెయ్యి పని మరిచి ఆగి ఉన్నా, పుస్తకంలో ఏముందో నా దగ్గరే ఉంచుకుంటాను.