మా చిన్నదాని ముఖ్యమంత్రి

కెనడాలో ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి దుకాణాల్లోంచి సారా సీసాలు దించేయించాడని మా కోడలు ఫోనులో చూసి చెప్పిన రోజు, నేను ఆయన్ని మెచ్చుకున్నాను. మా చిన్నబిడ్డ ఉండేది ఆ రాష్ట్రంలోనే. నేను ఉండేది ఖతర్‌లో, అల్ వుకైర్‌లో, కొడుకు ఇంట్లో. మా ఊళ్ళో సారా దుకాణం ముందు చీపుర్లు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఎన్ని దినాలు కూర్చున్నా మా మాట విన్నవాడు లేడు. ఈయన ఎవరో గానీ ఒక్క మాటతో దించేశాడే అనుకున్నాను.

"మంచి పని జేసిండు. కన్నతల్లి మంచిగ పెంచింది," అన్నాను ఉల్లిగడ్డ పొట్టు తీస్తూ.

నా కొడుకు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు.

"అవ్వా, సారా బంద్ జెయ్యలే. పక్క దేశపోళ్ళ సీసాలు దించిండు. గా జాగల వీళ్ళ సీసాలు పెట్టిండు."

మా వైపు తల్లిని అవ్వ అనే పిలుస్తారు.

"అంటే తాగుడు ఉన్నట్టేనా?"

"మునుపటి లెక్కనే."

"మరి దించుడెందుకు, పెట్టుడెందుకు? కూలి దండుగ."

కూలి దండుగ కాదని తర్వాత తెలిసింది. పక్కనున్న పెద్ద దేశం వీళ్ళ కార్ల మీద, ఉక్కు మీద సుంకం వేసిందట. మీ సరుకు మాకు ఖరీదు చేస్తే, మీ సరుకు మా అంగట్లో కనబడదు అని ఈయన సీసాలు దించాడట. మా చిన్నబిడ్డ కారు సీట్లకు తోలు కుట్టే కార్ఖానాలో పని చేస్తుంది. అల్లుడు ఆ సీట్లను లారీలో వేసుకుని వంతెన దాటి ఆ పక్క దేశంలో దించి వస్తాడు. కారు అమ్ముడుపోకపోతే సీటు ఎవరికి కావాలి? ఇది అర్థం కావడానికి నా మూడో తరగతి చాలు.

పక్కవాడు తలుపు వేసుకుంటే ఎట్లా ఉంటుందో ఖతర్‌లో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చుట్టుపక్కల దేశాలు దారులు మూసిన రోజుల్లో మేము అల్ తుమామాలో ఉండేవాళ్ళం. మా కింది దుకాణంలో పాలు పెట్టే అర ఖాళీగా, తుడిచినట్టు ఉండేది. తర్వాత ఈ ఎడారిలోనే ఆవుల్ని తెచ్చి కట్టుకున్నారు. ఇప్పటికీ పాల డబ్బా చేతిలోకి తీసుకుంటే ఎక్కడివో ఒకసారి చూస్తాను.

చిన్నది నాకు ఫోను చేసేది సాయంత్రం అసర్ నమాజు వేళకు. వాళ్ళకు అప్పుడు పొద్దున. ఇదివరకు పనికి బయలుదేరే ముందు ఏ కూర వండిందో, అల్లుడు ఎంత తిన్నాడో, పక్కింటి ముసలమ్మ మంచును ఎట్లా తిట్టిందో చెప్పేది. సుంకం మాట మొదలయ్యాక, "మంచిగున్న అవ్వా, నువ్వు మంచిగున్నవా" అని పెట్టేయడం మొదలుపెట్టింది. కడుపున పుట్టినదాని గొంతు నాకు తెలియదా? అది చెప్పదు, నేను అడగను. అడిగితే ఇంకా దాస్తుంది, దాని తత్వం అంతే.

అందుకని నేను ఆ ముఖ్యమంత్రిని చూడటం పట్టుకున్నాను. ఆయన రోజూ కనబడతాడు. ఏం మాట్లాడాడో కోడలు తెలుగులో చెబుతుంది. ఆయన గొంతు పెంచిన రోజు చిన్నదాని కార్ఖానాలో ఏదో తేడా వచ్చిందని, నవ్విన రోజు ఇంకొన్నాళ్ళకు ఢోకా లేదని నేను లెక్క వేసుకునేదాన్ని.

అయితే ఆయనకు పక్క దేశంతో ఒక్కటే కొట్లాట కాదు. తన దేశం ప్రధానమంత్రితోనూ పొసగదు. ప్రధాని పక్క దేశంతో మెల్లగా మాట్లాడదామంటాడట, ఈయన గట్టిగా కొడదామంటాడట. ఇంకో రాష్ట్రం ముఖ్యమంత్రి, మా నేలలోంచి తీసే నూనె జోలికి రావద్దు, మీ కొట్లాటకు మా నూనె ఎందుకు అంటాడట.

"ఇంటిపెద్ద బేరం జేస్తుంటే నడుమ తమ్ముడు మాట్లాడితే బేరం చెడదా?" అన్నాను. మా ఊరి అంగట్లో ఎడ్ల బేరం తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని చేసేవాళ్ళు. ధర ఇద్దరికే తెలుస్తుంది. మా పెద్దబావ అట్లా వేళ్ళు పట్టుకుని ఉండగా మా చిన్న మరిది పక్క నుంచి ధర అరిచేసి మంచి కోడెల జత పోగొట్టాడు. మా అత్త బతికున్నన్నాళ్ళు ఆ కోడెల్ని తలుచుకుంది.

"గట్ల గాదు అత్తమ్మా," అంది కోడలు. హైదరాబాద్‌లో పెరిగిన పిల్ల, నాకు ఎదురు చెప్పాలంటే ముందు చాయ్ ఇస్తుంది. ఆ రోజూ ఇచ్చింది. "కార్ఖానలున్నయి ఈయన రాష్ట్రంల. పని పోయేది ఈయన మనుషులకు. ఊకోమంటె ఎట్ల ఊకుంటడు?"

"మరి మా మరిది గూడ గదే అన్నడు. ఎడ్లు దున్నేది నేను గదా అన్నడు."

"చూసిన్రా మరి."

చాయ్ తాగాను. చక్కెర ఎక్కువ వేసింది, ఆ మాట మాత్రం అన్నాను.

ఇంకో సంగతి విని నాకు నవ్వొచ్చింది. ఆ దేశంలో ఒక రాష్ట్రంలో తయారైన సరుకు కొన్ని ఇంకో రాష్ట్రంలో అమ్ముకోవడానికి లేదట. ఇన్నేళ్ళకు, పక్క దేశం తలుపు మూశాక, ఈయనా తక్కిన ముఖ్యమంత్రులూ కూర్చుని ఆ అడ్డాలు తీసేద్దామని సంతకాలు పెట్టుకుంటున్నారట. నాకు మా అక్క గుర్తొచ్చింది. ఆమెను మహారాష్ట్ర సరిహద్దు అవతలి ఊరికి ఇచ్చారు. మధ్యన చెక్‌పోస్టు. బియ్యం మా రాష్ట్రం దాటి పోకూడదని ఆ రోజుల్లో కట్టడి. అక్క బాలింతరాలిగా ఉందని మా అమ్మ కట్టిచ్చిన బియ్యం మూటను బస్సులో సీటు కింద కాళ్ళతో అదిమిపెట్టుకుని కూర్చున్నాను. చెక్‌పోస్టు మనిషి వంగి చూసి, "ఏంది పిల్లా గది?" అన్నాడు. "మా అక్క అన్నం," అన్నాను. వాడు ఏమనుకున్నాడో, దిగిపోయాడు. ఒకే దేశంలో అక్కకు చెల్లె అన్నం దొంగతనంగా తీసుకుపోవాల్సిన కాలం అది. అంత చదువుకున్న దేశంలో ఆ గేటు ఇప్పుడు ఎత్తుతున్నారంటే నవ్వక ఏం చేయను.

ఇక అసలు సంగతి. నా కొడుకు, కోడలు ఈ సుంకం కొట్లాటలో ఆ ముఖ్యమంత్రి గెలవాలని చూస్తుంటే, నేను ఆయన ఓడిపోవాలని చూశాను.

ఎందుకంటారా? నేను బతికిన బతుకులో మనుషులు ఇంటికి వచ్చేది పని పోయినప్పుడే. మా ఆయన ఇక్కడే, దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక వర్క్‌షాపులో పని చేశాడు. మా ఊళ్ళో మాత్రం దుబాయ్ పోయిండనే అనేవాళ్ళు, నేనూ అట్లాగే అనేదాన్ని. రెండేళ్ళకు ఒకసారి వచ్చేవాడు, వచ్చిన రోజు నుంచే పోయే రోజు లెక్క మొదలు. ఒకసారి మాత్రం కంపెనీ ఖలాస్ అయింది. వీసా కొట్టేసి, టికెట్ చేతిలో పెట్టి పంపేశారు. క్యాంప్‌లో కప్పుకున్న దుప్పటి ఒకటి భుజాన వేసుకుని, పసుపు ఉడకబెట్టే రోజుల్లో, కబురు లేకుండా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో పైస లేదు. ఊళ్ళో అందరూ అయ్యో అన్నారు. నేనూ పైకి అయ్యో అన్నాను. కానీ ఆ ఏడాదంతా ఆయన మా ఇంట్లో అన్నం తిన్నాడు. చిన్నది అప్పుడు మాటలు నేర్చిన పిల్ల. మొదట ఎవరో అనుకుని ఏడ్చింది, తర్వాత బాపు భుజం దిగలేదు. మా సంసారం మొత్తంలో నిండుగా ఉన్న ఏడాది అదొక్కటే. గంజి తాగి బతికాం, అయినా నిండుగా ఉన్నాం.

ఇక్కడ దోహాలోనూ అదే చూశాను. పని పోయిన నెలకో రెండు నెలలకో సోఫా ఎవరికో ఇచ్చేస్తారు, కారు వచ్చిన ధరకు అమ్మేస్తారు. అల్ తుమామాలో మా పై అంతస్తులో ఉన్న కాకినాడ ఆవిడ కూడా, "వెళ్ళిపోతున్నామండీ పెద్దమ్మగారూ, ఈ కరివేపాకు మొక్క మీరు ఉంచుకోండి," అని కుండీ నా చేతిలో పెట్టి పోయింది.

కాబట్టి నా లెక్క సూటిగా ఉంది. ఆయన ఓడితే కార్ఖానా ఆగుతుంది. కార్ఖానా ఆగితే వాళ్ళ వీసా పోతుంది. వీసా పోతే చిన్నది తిరిగి వస్తుంది. దారిలో దోహా ఉంది, దోహాలో అన్న ఉన్నాడు, తల్లి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ దేశంలోనే ఉండాలి, ఉంటేనే అక్కడి కాగితాలు వస్తాయి అని అది కదలలేదు. నేను ఫోను అద్దంలో చూస్తున్నది దాని మొహం కాదు, దాని మొహం బొమ్మ. బొమ్మకు నూనె పెట్టి తల దువ్వలేను కదా.

చిన్న గదిలో సామాను తీయించాను. పరుపు గలీబు ఉతికాను. బాల్కనీలో మామిడి ఒరుగులు ఎండబెట్టాను. ఇక్కడి ఎండ ఒక్క రోజులో చెక్కల్ని గలగలలాడిస్తుంది, ఆ ఎండకు పైసలు కూడా అడగరు. చివరికి దుకాణానికి పోయి ఒక కొత్త దిండు కొన్నాను. కొడుకు ఆ దిండును, నన్నూ మార్చి మార్చి చూశాడు.

"అవ్వా, నువ్వు కొన్నవా? పైసలు వెట్టి?"

"ఊకె ఇస్తరార?"

ఎవరి కోసమో అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని, అప్పుడే నా తప్పు దిద్దేవాడు.

ఒక సాయంత్రం చిన్నది ఫోను చేసింది. కోడలు అద్దం నా ముందు నిలబెట్టి వంటింట్లోకి పోయింది. చిన్నది పనిబట్టల్లో లేదు.

"పని ఆగింది అవ్వా. మళ్ళ ఎప్పుడు మొదలువెడుతరో తెల్వది."

అద్దం దగ్గరికి జరిగాను. "ఎప్పుడస్తున్నరు?"

"ఎవ్వలు?"

"ఎవ్వలేంది, నువ్వు, అల్లుడు. టికెట్ కంపెనీ ఇస్తదా, మీరే కొనుక్కోవాల్నా? సామాను ఊకె పంచకుండ్రి. అమ్ముండ్రి, నాలుగు పైసలస్తయి."

"ఏం టికెట్ అవ్వా?"

"పని పాయె గద. వీసా ఇంక ఎన్ని దినాలుంటది?"

అది ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది.

"ఇది ఖతర్ గాదె, అవ్వా. పని పోతే పంపియ్యరు. కాగితాలచ్చినయి, మేం ఈడోళ్ళమే అయినం. పని దొరికేదాక సర్కారు కొంత జీతమిస్తది."

"పని చెయ్యకుంట జీతమా?"

"మేం నెలనెల కట్టినయే. గని గా పైసలు తీసుకునేటప్పుడు దేశం దాటి పోవద్దు. పనికి పిలిస్తె పోయేటట్టు ఈడనే ఉండాలె." అది తల దించుకుంది. "చలికాలం నీ దగ్గరికి అద్దామనుకున్నం. టికెట్లు గూడ చూసిన. ఇప్పుడు కాదు."

అంటే అది రావాలనే అనుకుంది. పని ఉంటే వచ్చేది. పని పోయింది కాబట్టి రాదు. నేను కోరుకున్నదీ, జరిగిందీ ఒకటే. వచ్చిన ఫలితం మాత్రం తలకిందులు. మాటను ఆ ముఖ్యమంత్రి మీదికి మళ్ళించాను.

"మరి గా ముఖ్యమంత్రి ఏం జేస్తున్నడు?"

"మా గేటు కాడికి వచ్చిండు. అందరం పోయినం. నేను ముందట నిలవడ్డ. అడిగిన గూడ."

"ఏమడిగినవ్?"

"సీసాలు దించినవ్, మంచిదే. మరి మా సీట్లు ఎవ్వలు కొంటరని అడిగిన."

"ఏమన్నడు?"

"చూస్త అన్నడు."

"అందరు గదే అంటరు."

"మా రాష్ట్రంల అడుగుతె ఇనాలె, అవ్వా. ఇనకుంటె ఓటు ఉన్నది."

మా రాష్ట్రం అంది. మేము ఆ మాట అనడానికి రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నాం, పోలీసులతో తిట్లు తిన్నాం. నా బిడ్డ ఆ మాటను మంచు కురిసే ఊళ్ళో, పని పోయిన రోజున, ఎంత సులువుగా అంది! అది అక్కడికి పని కోసం పోయిందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. పని లేకపోయినా ఉండే చోటును ఊరు అంటారు. దానికి ఊరు దొరికింది.

"మంచిది. ఇంట్ల లైట్లు ఆర్పుకోండ్రి," అన్నాను.

కొత్త దిండు మీద ఇప్పుడు నా కొడుకు పడుకుంటున్నాడు. కొన్నది ఊరికే ఉంచితే పాడవుతుంది. వాడు, "నువ్వే పోరాదు కెనడాకు?" అన్నాడు ఒకసారి. పని లేని ఇంటికి చుట్టపు చూపు పోయేదాన్ని కాదు నేను. వాళ్ళ ఇద్దరి కంచాల్లోంచి మూడో కంచం తీయించమంటావా అని కసిరాను.

ఇప్పుడు ఆ ముఖ్యమంత్రి గెలవాలని చూస్తున్నాను. ఆయన గెలిస్తే సీట్లు కదులుతాయి, సీట్లు కదిలితే చిన్నదానికి సెలవు వస్తుంది, సెలవు వస్తే టికెట్ వస్తుంది. ప్రధానితో ఆయన మళ్ళీ మాట పట్టింపుకు పోయాడని కోడలు చెబితే, ముందు ఇద్దరూ ఒక్క మాట మీద ఉండండ్రా అని ఫోను వైపు తిరిగి తిడుతున్నాను. మా చిన్న మరిదిని కూడా ఇంత తిట్టలేదు.

నిన్న కోడలు ఎక్కడో వెతికి, ఆయన కార్ఖానా గేటు దగ్గర మాట్లాడిన వీడియో పెట్టింది. ఆయన మాటలు చెప్పబోతుంటే వద్దన్నాను. ఆయన వెనక జనం ఉన్నారు. అందరివీ ఒకే రకం కోట్లు, ఒకే రకం టోపీలు. కోడలు బొమ్మను ఆపి, వేళ్ళతో పెద్దది చేసి, "ఈమెనా అత్తమ్మా?" అంది. కాదు. "ఈమె?" కాదు. మా చిన్నది ఎక్కడ నిలబడ్డా ఒక కాలి మీదే బరువు వేస్తుంది, బాపు లాగా. మళ్ళీ మొదటి నుంచి పెట్టించాను. ఆయన చెయ్యెత్తి మాట్లాడినప్పుడు ఆ భుజం వెనక ఎవరిదో సగం చెంప, చెవి కమ్మ కనబడి మాయమవుతున్నాయి.

"ఈయనే అడ్డమున్నడు," అంది కోడలు.

"మళ్ళ పెట్టు," అన్నాను. ఈసారైనా కొంచెం పక్కకు జరుగుతాడేమోనని.