పదకొండు మందండి

మాఘమాసపు చలిలో, తెల్లవారుజామున, ఉప్పలగుప్తం దగ్గర మంచినీళ్ల చెరువు గట్టు మీద ముక్కు కింద సంచి వేలాడే గూడబాతుల కోసం బైనాక్యులర్స్ పట్టుకుని తిరుగుతున్నాను. మసక వెలుతురులో ఒక్క పక్షీ కనపడలేదు. చెవులకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన ఎదురయ్యారు.

"బాబాయ్ గారూ, గూడబాతులు వచ్చాయా?"

"ఆయ్, వచ్చేరండి. నీళ్లలో ఆ గుర్రపుడెక్క మొక్కల పక్కన ఉంటారండి."

పక్షుల్ని కూడా చుట్టాల్లా మర్యాదగా పిలిచే మనిషి దొరికాడని పొంగిపోయాను. బైనాక్యులర్స్ ఆయన చేతికిచ్చాను. చాలాసేపు చూశారు.

"పదకొండు మందండి. మీ అద్దాలు లేకపోతే కనపడేవారు కాదండి," అంటూ తిరిగిచ్చేశారు.

"రోజూ చూస్తుంటారా?"

"పక్క చేపల చెరువుకి కాపలా అండి నేను. వీళ్లు దిగితే బుట్టెడు చేపలు తినేత్తారండి."

అని సంచిలోంచి తారాజువ్వ తీసి, బీడీతో అంటించి, సరిగ్గా అటే వదిలారు. చెరువంతా అదిరిపోయింది. తెల్లటి రెక్కలు మా తలల మీదుగా వెళ్లిపోయాయి. ఆయన తలెత్తి లెక్కపెట్టారు.

"పదిమంది వెళ్లిపోయేరండి," అన్నారు, అదే మర్యాదతో.

గుర్రపుడెక్కలో ఏదో రెక్క కొట్టుకుంటున్న చప్పుడు. నేను బైనాక్యులర్స్ ఎత్తలేదు.