ఓవర్‌టైంలో ఏదుపంది

“సావలే.”

“సచ్చిందే ఆశీర్వాదం. టీవీల కండ్లార చూసిన.”

“టీవీ తీసినోడు బొరియలకు దిగిండా?”

“మట్టి కూలె, బండ పడె, కుందేళ్లన్ని ఏడ్సె. ఇంకేం గావాలె నీకు, పంచనామానా?”

“రాలే అన్నరు. సచ్చిందని ఎవలన్నరు?”

రీడింగ్ రూమ్ కిటికీలోంచి ఈ కొట్లాట వినిపిస్తుంటే, మెట్ల మీద చెప్పులు విడుస్తున్న సంపత్ తల కూడా ఎత్తలేదు. పద్దెనిమిదేళ్లుగా వింటున్నాడు. బొగ్గుబాయి కాలనీకి కొత్తగా వచ్చినవాడైతే లోపల హత్య కేసు నడుస్తోందనుకుంటాడు. కేసు ఒక ఏదుపందిది. అదీ అడవిది కాదు, పిల్లల బొమ్మల పుస్తకంలోది.

ఆశీర్వాదానికి ఉన్న తిక్క ఒక్కటే. తిరిగి రానిదేదీ పోయినట్టు ఆయన ఒప్పుకోడు. ఓవర్‌టైంలో ఉందంటాడు.

తప్పు ఆయనది కాదు, ఆయన నౌకరీది. ముప్పై రెండేళ్లు బాయి మీద ల్యాంప్ రూమ్‌లో పనిచేశాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల అక్కడ ఇచ్చి టోపీ దీపం తీసుకోవాలి. ఎక్కి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ల తీసుకోవాలి. బిళ్ల మేకుకు వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆయన రిజిస్టర్‌లో ‘ఇంకా రాలేదు’ అని రాయడానికి గడి ఉంది. ‘పోయాడు’ అని రాయడానికి లేదు.

ఆ పద్ధతినే ఆయన ఇంటికీ వాడకీ పట్టుకొచ్చాడు. మంచిర్యాల బస్సు రాకపోతే ఓవర్‌టైం. రాజేశం 1998లో తీసుకుపోయిన పుస్తకం ఓవర్‌టైం. క్రిస్మస్ ముందురోజు శంకరవ్వ కోడిపుంజు మాయమైతే ఆమెనూ అట్లాగే ఓదార్చాడు.

“మరి గా ఓవర్‌టైంకు పక్కింటోళ్లు మసాలా ఎందుకు నూరుతున్నరే అన్నా?” అందామె.

సంపత్ ఇంజనీరింగు మూడో ఏడు మానేసి ఇంటికొచ్చిన రోజు, తల్లి శ్యామల కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అప్పుడూ ఆశీర్వాదం హాజరు.

“సదువు బందు కాలే చెల్లె. ఓవర్‌టైంల ఉన్నది.”

“ఎప్పటిదాకనే అన్నా?”

“షిఫ్టు సారు ఇంకా చెప్పలే.”

పొద్దంతా ల్యాంప్ రూమ్‌లో ఉండి, సాయంత్రం కాలనీ రీడింగ్ రూమ్ తెరిచేవాడు. పిల్లలను చాప మీద కూర్చోబెట్టి ‘బొరియలూరు’ చదివేవాడు. అందులో జంతువులన్నీ మాట్లాడతాయి, కానీ ఆశీర్వాదం చదివితే ఒక్కోటి ఒక్కో ఊరి మనిషయ్యేది. నక్కకు ఆసిఫాబాద్ మరాఠీ యాస. ముంగిసకు చొప్పదండి ఎరువుల దుకాణదారు గొంతు. ముసలి ఏదుపందికి మాత్రం ఆయన సొంత గొంతు, సొంత దగ్గు.

తొంభై మూడో పేజీలో బొరియ కూలుతుంది. ఏదుపంది కుందేలు పిల్లలను బయటికి తోసేసి తాను లోపలే ఉండిపోతుంది. అక్కడ ఆశీర్వాదం పుస్తకం మూసేస్తాడు.

“తర్వాతేమైంది కాకా?”

“ఓవర్‌టైం.”

తర్వాతి పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. వాననీళ్లు పడ్డాయంటాడు. గోడకు మేకు కొట్టి, ఏదుపంది పేరు మీద ఒక ఇత్తడి బిళ్ల కూడా తగిలించాడు.

సంపత్ ఆ కథ మొదటిసారి విన్నప్పుడు ఏడేళ్లవాడు. తండ్రి మొగిలి బాయిలోకి దిగి ఎక్కిరాని నెల అది.

ఆ మరుసటి ఏడే ఆ కథ ఆదివారం కార్టూన్ సీరియల్‌గా వచ్చింది. అందులో ఏదుపందిని నిక్షేపంగా చంపేశారు, పూలు కూడా చల్లారు. బాయి లోపల పని చూసే మైనింగ్ సర్దార్‌గా రిటైరైన హనుమండ్లు ఆ పూలను పట్టుకునే ఇన్నేళ్లూ వాదిస్తున్నాడు. “పుస్తకం తెర్వరాదే, తేలిపోతది” అంటే ఆశీర్వాదం “తడిసింది” అంటాడు. హనుమండ్లు గెలిచినట్టు బీడీ ముట్టించుకుంటాడు.

ఇప్పుడు కొత్త సినిమా వచ్చింది. కాలనీ పిల్లలు ఫోన్లలో చూసేశారు. ఇందులో ఏదుపందికి కండలున్నాయి, నల్లద్దాలున్నాయి, నడుము ఊపే పాటొకటుంది. ఆఖర్న మట్టి దులుపుకుని బతికి బయటికొస్తుంది.

ఆశీర్వాదం లడ్డూలు పంచుతాడనుకున్నారంతా. ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

“గది మనది కాదు. మన ఏదుపంది డాన్సులెయ్యది.”

“అయితే సచ్చిందంటవా?” అన్నాడు హనుమండ్లు ఆశగా.

“సావలే. రాలే.”

సంపత్‌కు అక్కడ మండింది. చదువు సగం, నౌకరీ సగం, కొన్న బండి కూడా సగం దారిలో ఆగేది. బతుకులో ఒక్క కథైనా ఆఖరుదాకా తేలాలి. పుస్తకం అడగకుండానే చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు. పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టి, ఆవిరికి పేజీలు పట్టాడు.

వాననీళ్లు కాదు, మైదా. అంచుల వెంబడి మాత్రమే సన్నగా పూసిన మైదా. పేజీలు మెల్లగా విడిపోయాయి.

తొంభై నాలుగో పేజీలో ఏదుపంది అవతలి బొరియలోంచి తల బయట పెట్టింది. దగ్గింది. “ఎవరైనా టీ పెట్టారా?” అని అడిగింది.

పేజీ మూలన రీడింగ్ రూమ్ తేదీ ముద్ర. ల్యాంప్ రూమ్ మనిషి కదా, అతికించిన రోజు కూడా ముద్ర కొట్టుకున్నాడు. ఆ తేదీ సంపత్‌కు తెలుసు. బాపు దినాలైన మర్నాడు.

సంపత్ పుస్తకం పట్టుకుని తిరిగి వచ్చేసరికి హనుమండ్లు వెళ్లిపోయాడు. ఆశీర్వాదం ఒక్కడే చాప దులుపుతున్నాడు.

“కాకా, వచ్చింది. తర్వాతి పేజీలనే వచ్చింది. చాయ్ గూడ అడిగింది.”

“ఎరుకే.”

“ఎరుకుండి పద్దెనిమిదేండ్లు హనుమండ్లు కాకతోని మాట పడ్డవా? సాక్ష్యం సంకల వెట్టుకొని?”

ఆశీర్వాదం చాప పరిచి, మూల సరిచేశాడు.

“అప్పట్ల నువ్వు రోజు వచ్చి ల్యాంప్ రూమ్ మెట్ల మీద కూసుంటుంటివి, యాదికున్నదా? షిఫ్టు దిగినోళ్ల మొఖాలన్ని సూసుకుంట. ఏదుపంది ఒక్క పేజీల ఎక్కొచ్చిందని సదివితే నువ్వు ఆ మెట్లు దిగుతుంటివారా? సచ్చిందని సదువుదామంటే నాకు నోరు రాలే. ఏం జేస్త, నడిమిట్ల ఆపిన.”

సంపత్ విడిపోయిన పేజీని వేలితో సరిచేసి పుస్తకం మూశాడు.

“నా కోసం ఓడిపోయినవ్ కాకా,” అన్నాడు.

“ఓడలే. గెలుసుడు ఓవర్‌టైంల ఉన్నది.”

బయట పిల్లల చెప్పుల చప్పుడు. అందరికన్నా ముందు దీపిక వచ్చి, గోడ మీది బిళ్లకు ఎదురుగా కూర్చుంది. వాళ్ల బాపు పోయిన నెల కరీంనగర్ దవాఖానకు పోయాడు. తిరిగి రాలేదు.

ఆశీర్వాదం పుస్తకాన్ని సంపత్ చేతిలోనే ఉంచి, గొంతు తగ్గించాడు.

“ఇయ్యాల నోటితోని నక్క కథ జెప్పి నడిపిస్త. పిల్ల ఎనభయ్యో పేజీల ఉన్నది. రేపటి లోపట మళ్ల అతికియ్యి. మైదా పలుచగ ఉడికియ్యి, పురుగు పట్టకుండ జరంత మైలుతుత్తం కలుపు. అంచులకే పుయ్యి. గట్టిగ అతికియ్యకు బిడ్డా. పెద్దగయినంక అదే వచ్చి ఇప్పుకోవాలె.”