పదకొండు దసరాల నూనె

ధర్మవరంలో స్టేషన్‌కు పోయే దారిలో మాకు మరమ్మతుల అంగడి ఉండేది. గొడుగులు, తాళాలు, స్టవ్వులు, కళ్లద్దాలు, ఏది విరిగినా తెచ్చేవారు. ఇనుము పని మా ఆయనది, అతికే పని నాది. ఎవరూ కూర్చుని పంచిన పని కాదది. ఆయన జిగురు ఆరేదాకా ఆగలేక మధ్యలో విప్పి చూసేవారు. నేను గడియారం చూడకుండా చెయ్యి పెట్టను. ఏ వస్తువు, ఏ జిగురు, ఎన్నింటికి కట్టాను, ఎన్నింటికి విప్పాను, అన్నీ రాసి పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ నా దగ్గర అలాంటి నోటుపుస్తకాలు ఏడు ఉన్నాయి. అందుకే ఈ తేదీలు ధైర్యంగా చెప్పగలను.

1979 ఏప్రిల్ పంతొమ్మిది, గురువారం. పొద్దున తొమ్మిది కాకముందే ఒకాయన వచ్చాడు. ఊళ్లో అందరికీ మిలిటరీ అన్న. సైన్యంలో పని ముగించుకుని వచ్చి, ఒక పట్టు వ్యాపారి దగ్గర కాపలాగా చేరాడు. వ్యాపారి చీరల మూటలతో బెంగళూరు రైలెక్కినప్పుడల్లా, లైసెన్సు ఉన్న తన రివాల్వర్ నడుముకు పెట్టుకుని వెంట పోవడమే ఉద్యోగం.

"ఏమప్పా, దీన్ని అతికిస్తారా?" అని మా ఆయనను అడిగి, గుడ్డ విప్పాడు.

రివాల్వర్ పిడికి అటొక చెక్క, ఇటొక చెక్క ఉంటాయి. రెండింటినీ మధ్యలో ఒక్క మర బిగించి పట్టి ఉంచుతుంది. ఎడమవైపు చెక్క సరిగ్గా ఆ మర రంధ్రం మీదుగా అడ్డంగా రెండు ముక్కలైంది. కింది మూలలో చింతగింజంత పెచ్చు ఊడి ఎక్కడో పోయింది.

"యాడ పడేసినావన్నా?" అన్నారు మా ఆయన.

"స్టేషన్లో కొళాయి కాడ వంగి నీళ్లు తాగుతాంటే జారి బండమీద పడినాది. గుండ్లు లేవులే, భయపడొద్దు. సోమవారం పది నలభై రైలుకు పోవల్ల. సావుకారి ఒకటే మాట సెప్పినాడు. పిడి ఊగే తుపాకీతో రావద్దు, బాగైతే రా, లేదంటే ఇంకో మనిషిని సూసి పెట్టుకున్యానని."

ఆయనకు అప్పటికి యాభై దాటాయి. వానల్లేక చేను బీడు పడింది. ఆ వయసులో ఇంకో పని దొరకదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

చెక్క మాత్రం విప్పి ఇచ్చి తుపాకీని ఇంటికి తీసుకుపొమ్మన్నాను. మా అంగట్లో దాన్ని ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు. వడ్రంగులు వజ్రం అనే తోలు జిగురు ఉంటుంది. దాన్ని వేడినీళ్ల గిన్నెలో కరిగించి, రెండు ముక్కలకూ రాసి, సైకిలు ట్యూబు పట్టీతో పదహారు చుట్లు బిగించి కట్టాను. కొయ్యకు వజ్రం కంటే మంచిది లేదని అప్పటి నా నమ్మకం.

ఇరవై నాలుగు గంటల తర్వాత, శుక్రవారం తొమ్మిదికి విప్పాను. అతుకు వెంట్రుకంత సన్నగా ఉంది. నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. మిలిటరీ అన్న తుపాకీ తెచ్చి చెక్క పెట్టి మర తిప్పాడు. మూడో చుట్టుకు టిక్కుమంది. చెక్క మళ్లీ రెండైంది.

ఆయన రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అది చూస్తే తిట్టినా బాగుండేదనిపించింది.

నా చేతి అతుకు అలా మూడు చుట్లకే ఊడటం అంతకుముందు లేదు. ముక్క తీసుకుని వెలుతురులో పెట్టి చూశాను. వజ్రం కొయ్యను పట్టుకోనేలేదు, పైన పొరలాగా లేచి వచ్చింది. విరిగిన అంచులో పసుపు గీత ఒకటి లోపలిదాకా ఉంది. వాసన చూశాను. నువ్వుల నూనె.

"అన్నా, దీనికి నూనె రాస్తారా?"

"నేను రాయను మ్మా. మా ఇంట్లోది ఆయుధపూజ నాడు రాస్తాది. నూనె రాసి, పసుపు పెట్టి, కుంకుమ పెడ్తాది. కొయ్యకు మంచిదే కదా అని నేనూ ఊరుకున్యా."

"ఎన్నేండ్ల నుంచి?"

"మిలిటరీ నుంచి వచ్చినప్పట్నించీ. అరవై ఎనిమిది దసరా మొదలు."

వేళ్ల మీద లెక్కపెట్టాను. పదకొండు దసరాలు.

మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. "ఏమన్నా, తుపాకీకి ఏటేటా తలంటినారా?"

"నవ్వప్పా, నవ్వు. మీ ఇంట్లో సుత్తికి పెట్టరా బొట్టు?"

మా సుత్తి పిడి కూడా నూనెతో నల్లగా నిగనిగలాడుతూ ఎదురుగానే ఉంది. మా ఆయన దాన్ని బల్ల కిందికి జరిపారు. మాకు పూజ చేయని పనిముట్టు ఉండదు. మగ్గానికీ తక్కెడకూ కుట్టుమిషనుకూ అన్నింటికీ ఆ రోజు నూనె, పసుపు పడాల్సిందే. తప్పు ఆ ఇల్లాలిది కాదు. అతికేముందు వాసన చూడని నాది.

"సోమవారానికి అయితాదా మ్మా?" అన్నాడు.

"ఈ పొద్దు ఎండ ఉంటే అయితాది."

"అనంతపురం జిల్లాలో ఎండకేం కరువు? అదొక్కటే పండేది ఈడ," అన్నాడు. ఆ పొద్దు ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే.

వేడిగుడ్డతో పాత వజ్రం తుడిచేశాను. పదిన్నరకు రెండు ముక్కలనూ ఒక రేకుమూతలో ముగ్గుపిండిలో పాతిపెట్టి మిద్దె మీద బండపై ఉంచాను. ఎండకు నూనె ఉబికి పైకి వస్తే పిండి పీల్చుకుంటుంది. పట్టుచీర మీద నూనె పడితే నేతగాళ్ల ఆడవాళ్లు ముగ్గుపిండి చల్లడం చూసి పట్టుకున్న ఉపాయం అది. పన్నెండుంబావుకు పిండి పచ్చగా ముద్దకట్టింది. మార్చాను. రెండింటికి మళ్లీ మార్చాను, మూడూ నలభైకి మళ్లీ. సాయంత్రం ఐదున్నరకు తీసిన పిండి తెల్లగానే ఉంది. శనివారం ఏడింటికి, పొయ్యి ముట్టించకముందే, పెట్రోలులో ముంచిన దూదితో అంచులు తుడిచి గాలికి పెట్టాను.

ఈసారి వజ్రం జోలికి పోలేదు. అప్పట్లో రెండు ట్యూబుల జిగురు కొత్తగా మా ఊరి అంగళ్లకు వచ్చింది. అద్దం ముక్క మీద స్కేలు పెట్టి, ఒక్కో ట్యూబు నుంచి సరిగ్గా ముప్పాతిక అంగుళం గీత తీసి, నూట యాభై సార్లు కలిపాను. మొదట అతుకు. తర్వాత, ఊడిన పెచ్చు స్థానంలో ఒక పాత రేడియో పెట్టె చెక్కను ఆకురాయితో రాకి, ఆ పొడిని అదే జిగురులో కలిపి కూరాను. తొమ్మిదికి కట్టు కట్టాను.

ఆదివారం సాయంత్రం ఐదుకు మిలిటరీ అన్న వచ్చాడు. అంటే ముప్పై రెండు గంటలు.

"ట్యూబు కాగితంలో ఒక దినం సాలని రాసిండాది కదా మ్మా. ఇప్పుడే ఇచ్చేయి. రేత్రికి బిగించి పెట్టుకుంటా."

"మర ఎక్కే దేనికైనా నేను రెండు దినాలు పెడ్తానన్నా. రేపు తొమ్మిదికి రా."

"తొమ్మిదికి విప్పి, పది నలభై రైలు ఎట్ల పట్టేది?"

"ఆకురాయి పనికి నలభై నిమిషాలు. స్టేషన్‌కు పది నిమిషాలు. ఇంకా యాభై నిమిషాలు మిగుల్తాయి."

అద్దం మీద మిగిలిన జిగురును గోటితో గిల్లి చూపించాడు. "రాయి మాదిరి ఉండాది సూడు."

"శుక్రవారం కూడా గట్టిగానే కనపడినాది."

మా ఆయన లోపలినుంచి అన్నారు, "పో అన్నా. మా పెండ్లిలో ముహూర్తానికి రెండు నిమిషాలు ముందని పంతుల్నే ఆపిన మనిషి ఆమె."

సోమవారం ఎనిమిదిన్నరకే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, ఒళ్లో గుడ్డలో చుట్టిన తుపాకీ. నేను తొమ్మిదికి పట్టీ విప్పాను. మూలను ఆకురాయితో చదును చేశాను. రంధ్రంలో నిండిన జిగురును దబ్బనంతో కొంచెం కొంచెంగా గీరి తీశాను. మర దానంతటది దూరాలి, తోస్తే దూరకూడదు. తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి చెక్క ఆయన చేతిలో పెట్టాను.

"పావు చుట్టు చొప్పున తిప్పన్నా. నేను లెక్కపెడ్తా."

మా ఆయన కూడా పని ఆపి వచ్చారు. శుక్రవారం ఊడింది మూడో చుట్టుకు. పన్నెండో పావుకు మిలిటరీ అన్న నా ముఖంలోకి చూశాడు. తిప్పమన్నాను. పదిహేడో పావుకు మర తల చెక్కలో కూర్చుని ఆగింది. టిక్కుమనలేదు. పిడిని పిడికిట్లో పట్టి గట్టిగా నలిపాడు, ఎడమ చేత్తో పట్టి మళ్లీ నలిపాడు. బొటనవేలితో మూలను తడిమాడు.

"యాడ విరిగినాదో నాకే తెలీలేదు," అన్నాడు మెల్లగా.

"ఈసారి దసరాకు తుపాకీకి వద్దు, దాన్ని పెట్టుకునే తోలు సంచికి పెట్టమను బొట్టు," అన్నాను.

"సెప్తా. నువ్వు సెప్పినావని సెప్తా. నేను సెప్తే యినదు." నడుముకు పెట్టుకుని, మిలిటరీ వాళ్లలా మడమలు కలిపి నిలబడి, వెళ్లిపోయాడు. అప్పుడు తొమ్మిదీ నలభై ఆరు.

రైలు ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని, మిలిటరీ అన్న మూటల పక్కన నిలబడి ఉన్నాడని మధ్యాహ్నం స్టేషన్ నుంచి వచ్చిన జట్కా అతను చెప్పాడు. నేను, మా ఆయన రాగిసంకటి, పప్పు తృప్తిగా తిన్నాం.

మళ్లీ ఆయన మా అంగడికి వచ్చింది 1983 ఆగస్టులో, భార్య కళ్లద్దాల కాడ విరిగితే అతికించడానికి. అప్పటికీ అదే వ్యాపారి దగ్గర, అదే పని. కళ్లద్దాలు బల్ల మీద పెట్టించి, ముందు పిడి చూపించమన్నాను. గుండ్లు తీసి తుపాకీ ఇచ్చాడు. అతుకున్న చోట బొటనవేలి గోరుతో ఈ చివరినుంచి ఆ చివరికి గీశాను. గోరు ఎక్కడా తగులుకోలేదు.