కండెల కూలి రాయని పుస్తకం

పోయినవాటిని వరుసగా రాసుకుంటే ఇన్ని తేలాయి: తూకానికి అమ్మేసిన నాలుగు మగ్గాలు, సూరత్ లింబాయత్‌లోని మగ్గాల షెడ్డులో బావకున్న వాటా, రెండు సంసారాలూ ఒకే పొయ్యి మీద వండుకున్న అన్నం, అక్క కుడి భుజం. ఆ చివరిదాన్నే ముందు రాయవలసింది. అలవాటు కొద్దీ, ధర కట్టగలిగినవే ముందు రాశాను.

ఈ లెక్క మళ్ళీ తీయించింది మా అమ్మాయి. ఇప్పుడు మేముంటున్న నవాగామ్ ఇంట్లో తీరిక దొరికినప్పుడల్లా చీరలకు రాళ్ళు అంటిస్తుంది, చీరకింత అని ఫోన్లో రాసుకుంటుంది, వారం తిరిగేసరికి డబ్బు తన ఖాతాలో పడుతుంది. మొన్న వాళ్ళమ్మ చీరకు కూడా అంటించి, "మమ్మీ, ముప్పై రూపాయలియ్యి. ఇంటిదైతే ఏంది, మెహనత్ మెహనతే గదా!" అని చెయ్యి చాపింది. నా భార్య "కన్నతల్లిని గిట్ల లూటీ చేస్తవానే" అని నవ్వుతూ ఇచ్చింది. నేను నవ్వలేక, అటక మీది పాత పుస్తకం దింపుకుని కూర్చున్నాను.

కరీంనగర్ దిక్కు నుంచి సూరత్ వచ్చి మగ్గాలు నడిపిన నా ఈడువాళ్ళకు 'ఇంటి చెయ్యి' అనే మాట గుర్తుండే ఉంటుంది. బయటి మనిషి చేస్తే కూలి, ఇంటి మనిషి చేస్తే ఇంటి చెయ్యి. దానికి పైసా ఉండదు, రాత ఉండదు, కనీసం దాన్ని పని అని కూడా ఎవరూ అనరు. మా షెడ్డులో పన్నెండు మగ్గాలుండేవి. ఎనిమిదింటి మీద నేను సన్నబట్ట నేయించేవాణ్ణి, నాలుగింటి మీద బావ దొడ్డుబట్ట నేయించేవాడు. సేఠ్ దారమిచ్చేవాడు, వంద మీటర్ల తాకా నేసి ఇస్తే తాకాకు ఇంత అని మజూరీ కట్టిచ్చేవాడు. వచ్చినదంతా ఒకే డబ్బాలో పడేది, అందులోంచే మగ్గం నడిపే కారిగర్లకూ కరెంటుకూ బియ్యానికీ పోయేది, కాబట్టి ఏ ఆర్డరు మాకు తిండి పెడుతోందో, ఏది మా తిండి తింటోందో ఎవరికీ తెలియదు.

నేను చదివింది ఏడో తరగతే. సేఠ్ గద్దె దగ్గర మెహతాజీ పద్దులు రాస్తుంటే నిలబడి చూసి నేర్చుకున్నాను. ఆర్డరుకొక పేజీ పెట్టి, దానికి వచ్చింది ఒక వైపు, దాని మీద పోయింది ఒక వైపు రాయడం మొదలుపెట్టినప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది. షెడ్డు మూలన రాట్నం మిషన్ ముందు కూర్చుని, మగ్గం నాడెలో పెట్టే కండెలకు దారం చుట్టే అక్క ఒకసారి తల పైకెత్తి, "గంతగనం రాస్తున్నవు గద తమ్మీ, నా పేరు గిట్ల ఉన్నదా అండ్ల?" అని అడిగింది. "ఇంటోళ్ళకు లెక్కేందక్కా, నువ్వు మాలికిన్‌వి" అన్నాను. "మాలికిన్‌నైతే జర చాయ్ పెట్టిచ్చురా మరి" అని తనే లేచి అందరికీ చాయ్ పెట్టింది.

ఏడాది గడిచాక పుస్తకం తీర్పు చెప్పింది. సన్నబట్టలో తాకాకు ఇరవై ఎనిమిది రూపాయలు మిగులుతోంది, దొడ్డుబట్టలో నాలుగు రూపాయలు పోతోంది. బావకు పేజీ చూపించాను. ఆయనకు అక్షరాలు రావు. అంకెల మీద మాత్రం వేలు జరుపుకుంటూ కిందిదాకా పోయాడు. "మగ్గాలు నావి, లెక్క నీది. నువ్వు నష్టమంటే నష్టమే" అన్నాడు. ఆ నాలుగు మగ్గాలూ పాత ఇనుము కొనే భంగార్‌వాడు విప్పి తూకం వేసుకుని పట్టుకుపోయాడు. బావ పర్వత్ పాటియా వైపు ఒకరి కార్ఖానాలో కారిగర్‌గా చేరాడు. ఆయన రోజుకూలీ చేస్తూ నా ఇంట్లో తినలేనన్నాడు కాబట్టి పొయ్యిలు వేరయ్యాయి. అయినా అక్క మాత్రం ఇంకో రెండేళ్ళు పొద్దున్నే వచ్చి నా కండెలు చుట్టింది, తమ్ముడి పని ఆగకూడదని.

ఆ తర్వాత ఒకరోజు ఆమె చెయ్యి భుజం పైకి లేవలేదు. బయట కూలికి చుట్టించాను, తాకాకు నలభై. ఆ నెల సన్నబట్ట పేజీలో పన్నెండు రూపాయల నష్టం తేలింది. కూడిక తప్పిందేమోనని మూడుసార్లు వేశాను. తప్పలేదు. అప్పుడు బావ దొడ్డుబట్టకు నేను రాసిన పాత పేజీ తీసి పక్కన పెట్టుకుంటే, దాని ఖర్చుల్లో అదే నలభై నా దస్తూరీలోనే కనిపించింది. అక్క చెయ్యి నా ఎనిమిది మగ్గాలకే సరిపోయేది కాబట్టి బావ కండెలు మొదటినుంచీ బయటే చుట్టించేవాళ్ళం. బయట చుట్టించాం కాబట్టే రాశాను. అసలు నష్టం ఆయనకు నాలుగు, నాకు పన్నెండు. భార్య ఊరికే చేసిన పని భర్త మగ్గాలను నష్టంలో చూపించింది, ఆ రెంటినీ పక్కపక్కన రాసినవాణ్ణి నేను.

నా ఎనిమిది మగ్గాలూ తర్వాత పోయాయి. అవి పోవలసినవే కాబట్టి పై జాబితాలో వేయలేదు. ఇప్పుడు చిన్న కార్ఖానాల లెక్కలు రాసి బతుకుతున్నాను. ప్రతి పుస్తకంలో మొదటి పద్దు 'ఇంటి చెయ్యి' అని పెడితే యజమానులు నవ్వుతారు, అయినా పెడతాను. బావకు నిజం చెప్పిన రోజు ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "మగ్గాలు తిరిగొస్తయా మల్ల?" అని అడిగి, షిఫ్టుకు టైమైందని వెళ్ళిపోయాడు. అక్క దగ్గరికి మొదటి విడతగా కొంత డబ్బు తీసుకుపోతే కవరు నా జేబులోనే తిరిగి పెట్టింది. "ఇది తీసుకుంటే నేను నీ కూలిదాన్నయిత తమ్మీ. గన్నేండ్లు అక్కననుకోనే చుట్టిన, అట్లనే ఉండనియ్యి."

ఆ పాత ఇంట్లో ఎవరూ ఎవరి కష్టాన్నీ లెక్కపెట్టేవాళ్ళు కాదు. అందులో ఒక వెచ్చదనం ఉండేది, దాన్ని నేనిప్పటికీ వెతుక్కుంటాను. ఆ వెచ్చదనం చాటునే నా పుస్తకం తప్పు రాసింది. తల్లి దగ్గర ముప్పై రూపాయలు అడిగి తీసుకున్న మా అమ్మాయిని చూస్తే ముందు మనసు చివుక్కుమంది, తర్వాత ఆ ముప్పై ఎవరి బాకీలోనూ మిగలదు కదా అనిపించింది.

నెలకు నూట ఇరవై తాకాలు, ఏడాదికి పదకొండు నెలలు, అక్క కండెలు చుట్టిన తొమ్మిదేళ్ళు, తాకాకు నలభై. భుజానికి నేను కట్టిన ఆసుపత్రి ఖర్చు ఒకసారి తీసివేశాను, ఆ భుజం చెడింది నా పనికే కాబట్టి ఆ తీసివేత కొట్టేశాను. అక్కకు బాకీ: నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల రెండు వందలు.