పది నిమిషాలు సాంచలు ఆపినందుకు

ముందే ఒప్పేసుకుంటాను: మూర్ఖత్వం నాదే. దానికి ప్రతిభ అని పేరు పెట్టిన పాపం మాత్రం హైదరాబాదులోని ఒక ఫిల్మ్ స్కూలువాళ్లది. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ పుండు మీద కారం చల్లినట్టు మండుతుంది. బతికున్న మనిషికి పాడె కట్టించబోయిన ఘనత ఎలా సంపాదించానో చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వండి. మా వాడకట్టువాళ్లు ఎలాగూ ఇంకా ఆపలేదు.

మాది సిరిసిల్ల. ఇంట్లో నాలుగు సాంచలు, అంటే మరమగ్గాలు. అప్పుడే డిగ్రీ పూర్తయింది. కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తానన్నట్టు, నూలు కండె చుట్టడం రాని నేను కథ చుట్టడానికి బయలుదేరాను. ఫీజెంతో చెప్పగానే కన్నతల్లి, మా అవ్వ, చేతిలోని చెంబు జారింది. మా నాన్న, బాపు, మాత్రం నిదానంగా అడిగాడు.

"గంత పెట్టి సదివితే ఏమొస్తదిరా?"

"డైరెక్టర్ అయిత బాపూ."

"సదివినోళ్లందరు అయితరా?"

"టాలెంట్ ఉన్నోళ్లు అయితరు."

"నీకున్నదా?"

దీనికి జవాబు ఫిల్మ్ స్కూలు కౌన్సెలర్ దగ్గర ఉంది. మూడు నిమిషాల సినిమా తీసి పంపితే, ప్రతిభ ఉందో లేదో వాళ్ల నిపుణులు చూసి చెబుతారట. బాపు సరేనన్నాడు. "వాళ్లు ఉన్నదంటే రెండు సాంచలు అమ్ముత. లేదంటే సప్పుడు చెయ్యక కండెలు చుట్టు."

నాలుగింట్లో రెండు పోతే మా ఇంటి బువ్వలో సగం పోయినట్టే. ఆ సంగతి తెలిసి కూడా నేను ఆలోచించిందల్లా, పోస్టర్ మీద నా పేరు ఎర్రగా ఉండాలా, పచ్చగా ఉండాలా అని!

కథ ఇది: ముసలి నేతగాడు మంచం మీద నిద్రపోతుంటాడు. కొడుకు వచ్చి లేపుతాడు. అంతే. అర్థం అడగకండి, నాకూ తెలియదు. ముసలివాడిగా పక్కింటి మల్లయ్య తాత, కొడుకుగా నేను. ఫోన్‌తో తీసేది నా దోస్తు రమేశ్. చిక్కల్లా చప్పుడుతోనే. సాంచల టకటకలో డైలాగు చెబితే పెదవులు ఆడటమే కనబడుతుంది. అందుకని ఇల్లిల్లూ తిరిగాను. "పదకొండు గొట్టంగ జర పది నిమిషాలు సాంచలు బందువెట్టుండ్రి. సినిమా తీస్తున్న." పాపం, అందరూ ఒప్పుకున్నారు.

అయ్యా, నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి. పట్టపగలు, కరెంటు ఉండగా, ఒక వాడకట్టు సాంచలన్నీ ఒక్కసారిగా ఆగాయంటే మాకు ఒకటే అర్థం: ఎవరో పోయారు. శవం లేచేదాకా అక్కడ సాంచ తిరగదు. ఉగ్గుపాలతో తెలిసిన సంగతి. ఆ రోజు మాత్రం కళ అడ్డమొచ్చింది. మా వాడకట్టుకు చెప్పాను, పక్క వాడకట్టుకు చెప్పలేదు.

పదకొండింటికి సాంచలు ఆగాయి. జనమంతా షూటింగు చూడటానికి బయటికొచ్చారు. "ఎవ్వలు సప్పుడు చెయ్యొద్దు!" అని గద్దించాను. చేతులు కట్టుకొని, తలలు వంచి, బిక్కమొహాలతో నిలబడ్డారు. వాకిట్లో మంచం మీద తాత పడుకున్నాడు.

"తాతా, నేను కట్ అనేదాక కండ్లు తెర్వకు."

"యముడొచ్చినా తెర్వ. నువ్వు కానీయి."

నేను మంచం పక్కన కూర్చొని గొంతు వణికించాను. "బాపూ... లే బాపూ... పొద్దెక్కింది..."

సరిగ్గా అప్పుడే పక్క వాడకట్టు లచ్చవ్వ వచ్చింది. "ఎవలు వోయిండ్రే?" అని జనాన్ని అడిగింది. నోరు విప్పొద్దన్నాను కదా! ఒకామె నోటి మీద వేలేసుకొని, రెండో చేత్తో తాత మంచాన్ని చూపించింది.

"ఓ మల్లన్నా! నిన్ననే నా చేతి శాయ తాగితివి గదనే!"

ఆ శోకాన్ని వెనకాల వచ్చినవాళ్లు అందుకున్నారు. రికార్డు నొక్కాలని అప్పుడే గుర్తొచ్చిన రమేశ్, నొక్కీ నొక్కగానే బెదిరి ఫోన్ పడేశాడు. ఎవరో బంతిపూల దండ తెచ్చారు. ఎవరో డప్పులవాళ్లకు కబురు పెట్టారు. ఇంకెవరో బెల్లంపల్లిలో ఉన్న తాత బిడ్డకు ఫోన్ చేసి, "జల్ది రా" అని మాత్రం చెప్పి పెట్టేశారు. "సినిమా! ఇది సినిమా!" అని నేను అరుస్తుంటే ఒక పెద్దమనిషి నన్ను కావలించుకున్నాడు.

"దుఃఖంల గట్లనే అనిపిస్తది బిడ్డా."

ఆ గడబిడలో కట్ చెప్పాలని గుర్తుంటేనా! తాత మాత్రం మాట మీద నిలబడ్డాడు. కాదు, పడుకున్నాడు. మెడలో దండ వేసినా కదల్లేదు.

అంతలో బాపు వచ్చాడు. వెంట, సీటొస్తే అమ్మాల్సిన సాంచలు చూసి రేటు చెప్పడానికి కరీంనగర్ నుంచి వచ్చిన బేరగాడు. ఆయన మంచం చూశాడు, దండ చూశాడు. "సావైన కాడ బేరం అచ్చిరాదు. గీ సాంచలు నాకొద్దు" అని అక్కడికక్కడే బండి తిప్పేశాడు.

తాతను లేపింది నేను కాదు. తలాపున ఎవరో నిట్టూర్చారు: "మంచోడే గని, జర పిసినారి."

"ఎవడ్రా పిసినారి?" అని తాత దిగ్గున లేచి కూర్చున్నాడు.

సగం జనం పరుగో పరుగు. లచ్చవ్వ ఉన్నచోటే కూలబడింది. తాతకు నా మీద కాదు కోపం, ఊరి మీద. "సాంచలు ఆగంగనే అందరు సక్కగ నా మంచం కాడికే వస్తరా? వాడకట్టుల సచ్చెటోళ్లు ఇంకెవ్వలు లేరా?" అని, దండ తీయకుండానే శాయ తెప్పించుకున్నాడు.

సాయంత్రం బెల్లంపల్లి బిడ్డ ఏడుస్తూ వచ్చింది. దండతో కూర్చున్న తండ్రిని చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. అదే కొంగు నడుముకు చుట్టి నా వైపు నడిచింది. మిగతాది చెప్పను.

అసలు మంట ఇంకా ఉంది. సినిమా పంపడానికి ఆ రోజే ఆఖరు. ఫోన్‌లో ఏముందో చూడకుండానే, మొదటి మూడు నిమిషాలు మాత్రం ఉంచి పంపేశాను. బోర్లా పడిన ఫోన్ ఏం తీస్తుంది? మూడు నిమిషాల చీకటి, వెనక శోకాలు. అరగంటలో జవాబొచ్చింది: "అద్భుతం! మీ దృశ్యభాష అసాధారణం. సీటు ఖాయం. సోమవారంలోగా ఫీజు కట్టగలరు."

మీరే చెప్పండి, ఇంత అన్యాయం ఉంటుందా? బాగాలేదని తిట్టినా గౌరవంగా ఉండేది!

బాపు ఆ చీకటిని మొదటినుంచి చివరిదాకా ఓపికగా చూశాడు.

"ఏమున్నదిరా గిందుల?"

"ఏం లేదు బాపూ. చీకటి."

"ఉత్త చీకటికే సీటిచ్చిండ్రా?" ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఇన్నేండ్లు బట్ట నేసిన. ఒక్క పోగు తెగితే సేటు వాపస్ ఇస్తడు. పోగే లేని బట్టను మస్తున్నదన్నోడు నీకేం నేర్పుతడు బిడ్డా?"

ఫిల్మ్ స్కూలు వల్ల నేను నేర్చుకున్న పాఠం అదొక్కటే. చెప్పింది బాపు, అదీ ఫీజు లేకుండా. రెండు సాంచలూ ఇంట్లోనే ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో కళ కోసం ఎవరి సాంచా ఆపను. నిశ్శబ్దం కావాలంటే నా నోరే మూసుకుంటాను.

కౌన్సెలర్ వదిలాడా? రోజుకు రెండుసార్లు ఫోన్. "మీ టాలెంట్ వృథా అవుతోంది సార్!" ఒక రోజు నాలుగు సాంచలూ జోరుగా నడుస్తుండగా ఫోన్ మోగింది. ఎత్తి, వాటి నడుమ స్టూలు మీద పెట్టి, కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను. సరిగ్గా పది నిమిషాలు. తర్వాత బయటికి తెచ్చి చెవికి పెట్టుకుంటే, ఆశ ఎంత గట్టిదో చూడండి, ఇంకా "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

"ఏం వినబడలేదండీ, ఒకటే చప్పుడు!"

"నా రెండో సినిమా సార్. టాలెంట్ ఉన్నదా?"

ఆయన ఏదో అనబోయాడు. "కట్!" అని పెట్టేశాను. ఈసారి మరిచిపోలేదు.