నాగవేణి పంపిన నాటకం

ఎమ్మిగనూరులో బస్టాండు వెనక సందులో నా బట్టల అంగడికి ఎదురుగానే నాగవేణి స్టూడియో. వాళ్ల నాయన మగ్గం నేసేవాడు. ఆ మగ్గం మూలపడినాక నాగవేణి ఆదోనిలో ఒక స్టూడియోలో ఫొటోలు కత్తిరించి ఆల్బమ్‌లు అతికించే పనికి చేరింది. అక్కడే ఎడిటింగ్ నేర్చుకుంది, కెమెరా పట్టింది. "ఆడమనిషి స్టూలెక్కి ఏం తీస్తాదిలే" అని మొదట్లో పెళ్లివాళ్లు నవ్వేవాళ్లు. ఇప్పుడు ఆలూరు నుంచి కూడా ఆమెకే ఫోన్లు వస్తాయి.

నిరుడు దేవనకొండ పక్క పల్లెలో జాతరకి నాటకం ఆడినారు. రాజు వేషం దేవేంద్రప్పది. ఆయన బెంగళూరులో తాపీమేస్త్రీ. మిగతావాళ్లలో కొందరు పూణేలో, కొందరు గుంటూరు మిరప చేలల్లో పనికి పోయేవాళ్లే. ఏడాదికి ఒకసారి కలుసుకుని మొహాలకు రంగు పూసుకుంటారు. ఆ నాటకం మొత్తాన్నీ నాగవేణి రెండు కెమెరాలతో తీసింది.

తీసింది ఆడినవాళ్లందరికీ పంపాలి కదా, అక్కడొచ్చింది చిక్కు. వాట్సాప్‌లో పంపితే మొహాలు మసకబారినాయి, పద్యం మధ్యలో రాగం తెగిపోయింది. "ఇట్లా పంపితే నా పనికే అవమానం" అని దాన్ని తుడిచేసింది. పెన్‌డ్రైవులు ఎన్నని, ఎన్ని ఊర్లకని పంపుతాది? చివరికి టొరెంట్ పెట్టింది. టొరెంట్ అంటే ఫైలు ఒక్కచోటి నుంచే రానక్కర్లేదు. ఎవరి దగ్గర ఉంటే వాళ్లందరి దగ్గర నుంచీ ముక్కలు ముక్కలుగా వస్తాది, దించుకున్నవాళ్లు ఇంకొకరికి అందిస్తారు. కానీ మొట్టమొదట ఇచ్చేవాళ్లు ఒకరుండాలి. ఆ ఒక్కరు నాగవేణి.

దేవేంద్రప్ప ఫోన్ చేసినాడు. "పాపా, నువ్వు పంపిన లింకు నొక్కినాను. సున్న దగ్గరే నిల్చింది. కదల్లే."

"ఇచ్చేవాళ్లు ఎంతమందని సూపిస్తాంది అన్నా?"

"ఒకరు ఉండారంటాది. ఒక్క ముక్క రాలే."

ఇంకెవరైనా అయితే నెట్‌ను తిట్టి ఊరుకునేవాళ్లు. నాగవేణి కుర్చీ లాక్కుని కూర్చుంది. పని లేనప్పుడు కంప్యూటర్ నిద్రపోయే సెట్టింగు తీసేసింది. బయటివాళ్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌లో టొరెంట్‌కు అనుమతి ఇచ్చింది. అయినా కదల్లేదు. అప్పుడు తన ఫోన్‌లోనే ఆ టొరెంట్ తెరిచింది. స్టూడియో వైఫైలో ఉన్నంతసేపూ బిరబిరా దిగింది. వైఫై తీసి మొబైల్ డేటా పెట్టగానే టక్కున ఆగింది. మళ్లీ వైఫై పెడితే మళ్లీ దిగింది.

నన్ను కేకేసి చూపించింది. "సూడన్నా, ఫైలు బాగుంది, కంప్యూటర్ బాగుంది. బయటోళ్లు లోపలికి వచ్చే దోవే లేదు."

నెట్ కనెక్షన్లు చూసుకునే ఫిరోజ్‌ను పిలిపించింది. టొరెంట్ అనగానే అతను నవ్వినాడు. "దొంగ సినిమాలకా అక్కా?"

నాగవేణి నవ్వలేదు. "దీంట్లో దొంగది ఏముందప్పా? కెమెరా నాది, నాటకం మావాళ్లది. అందరం అనుకునే పెట్టినాము. నా సరుకు నేను పంచుకుంటాండాను."

ఫిరోజ్ మొహం మారింది. స్క్రీన్ మీద ఆగి ఉన్న రాజు వేషం చూసి, "ఇది నువ్వు తీసిందేనా!" అన్నాడు. తర్వాత విషయం చెప్పినాడు. "ఈ సందులో అందరికీ కలిపి బయటికి ఒకటే నెట్ అడ్రసు అక్కా. బయటినుంచి ఎవరన్నా పిలిస్తే నీ ఇల్లు ఏదో లైనుకు తెలీదు. మొబైల్ డేటాది కూడా అదే కత. రెండు పక్కలా తలుపులు మూసుంటే మాట ఎట్లా కలుస్తాది?"

"ఒక పక్క తెరిస్తే సాలునా?"

"సాలు."

ఆఫీసుకు చెప్పి ఆమె లైనుకు సొంత అడ్రసు తెప్పించినాడు. రూటర్లో పోర్టు, అంటే బయటోళ్లు లోపలికొచ్చే తలుపు, ఎక్కడ తెరవాలో చూపించినాడు. ఆ పోర్టు నంబరు మాత్రం నాగవేణే కొట్టింది. వైఫై తీసేసి, మొబైల్ డేటాతో ఫోన్ చూసింది. ఎంత దిగిందో చూపే గీత కదిలింది.

బెంగళూరులో దేవేంద్రప్పకు దిగుతుండగానే పూణేవాళ్లూ, గుంటూరువాళ్లూ ఒక్కసారే మొదలుపెట్టినారు. అందరికీ ఇవ్వాల్సింది నాగవేణి లైనొక్కటే, అందుకని మళ్లీ నత్తనడక. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది. "మీకు దిగినాక ఆపొద్దండప్పా. వైఫై దొరికే చోట ఫోన్ అట్లే పెట్టండి. మీ దగ్గరినుంచి ఇంకొకరికి పోతాది." దిగినవాళ్లు ఆపలేదు. సాయంత్రానికి వేగం పెరిగింది.

ఆదివారం నేను స్టూడియోలో ఉండగానే దేవేంద్రప్ప వీడియో కాల్ చేసినాడు. కడుతున్న బిల్డింగు కింద పనివాళ్లందరూ ఒక టీవీ ముందు కూర్చున్నారు. తెరమీద కిరీటం మెరుస్తాంది, ఒక్క రాగం తెగడంలేదు. ఆయన పక్కన నిలబడిన ఇంజనీరు "ఎవరు తీసినారు?" అని అడిగినాడు.

దేవేంద్రప్ప ఫోన్‌ను అందరివైపూ తిప్పినాడు. "ఇదిగో, మా ఎమ్మిగనూరు నాగవేణి. తీసింది ఈమే, ఈడిదాకా చేర్చింది ఈమే."

అందరూ చప్పట్లు కొట్టినారు. నాగవేణి కొంగు సర్దుకుని, తల వంచకుండా, నేరుగా వాళ్లవైపు చూసింది. ఫోన్ పెట్టేసినాక నావైపు తిరిగి, "ఇన్నావు కదన్నా" అంది. విన్నాను. సందులో అందరికీ నేనే చెప్పినాను.